పొలంలోని అంకె పట్టికలో మారిపోతే: ఉమ్మడి పని సాఫ్ట్‌వేర్లలో సమస్యల గుర్తింపు, నివారణ

వ్యవసాయ పరిశోధన నేడు ఒక శాస్త్రవేత్త, ఒక క్షేత్ర పుస్తకంతో ముగిసే పని కాదు. ఒక వరి వంగడం విడుదలకు ముందు అనేక పరిశోధన స్థానాల్లో పరీక్షకు నిలుస్తుంది. రైతుల పొలాల్లో చిరుసంచుల ప్రదర్శనలకు చేరుతుంది. రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ సమన్వయపరిచే అఖిల భారత ప్రయోగాల్లో మారుటేరులో తూచిన గింజ బరువు, జగిత్యాలలో లెక్కించిన పిలకల సంఖ్య ఒకే విశ్లేషణలో పక్కపక్కన నిలుస్తాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు పంపే ప్రదర్శన క్షేత్రాల వివరాలు కూడా ఇలాగే ఒకచోట చేరుతాయి. ఈ చేరవేత అంతా గూగుల్ షీట్స్, ఎక్సెల్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, జూమ్, వాట్సాప్ వంటి సాధనాల ద్వారానే సాగుతున్నది.

ఈ సాధనాల్లో తలెత్తే ఇబ్బందులు రెండు రకాలు. మొదటి రకం కంటికి కనిపిస్తుంది: సమావేశంలో మాట వినపడదు, ఫైలు తెరుచుకోదు, సంకేతపదం పనిచేయదు. ఇవి చికాకు కలిగిస్తాయి గాని, నష్టం సాధారణంగా కొంత కాలయాపనతో ఆగిపోతుంది. రెండవ రకం కంటికి కనిపించదు: తేదీ తారుమారవుతుంది, వరుస జారిపోతుంది, సంఖ్య చివరి అంకె సున్నా అవుతుంది. ఏ హెచ్చరికా రాదు. విశ్లేషణ సజావుగా ముగుస్తుంది, ఫలితం సిఫారసుగా మారుతుంది. ఆ సిఫారసును నమ్మి విత్తనమో ఎరువో కొన్న రైతు మాత్రమే చివరకు ఆ పొరపాటు ఖరీదు చెల్లిస్తాడు. అందువల్ల ఈ వ్యాసంలో రెండవ రకానికే ఎక్కువ స్థలం కేటాయించడమైనది.

పొరపాటు పెద్ద సంస్థలను కూడా వదలదు

2020 సెప్టెంబరు 25 నుండి అక్టోబరు 2 వరకు ఇంగ్లండులో నిర్ధారణ అయిన 15,841 కరోనా కేసులు రోజువారీ లెక్కల్లో చేరలేదు. ప్రయోగశాలలు పంపిన ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ ఎక్సెల్ పాత ఫైలు రూపంలోకి ఎక్కించడమే ఇందుకు కారణం. ఆ పాత రూపంలో ఒక పట్టికకు 65,536 వరుసలే పడతాయి. ఒక్కొక్క పరీక్ష ఫలితానికి అనేక వరుసలు అవసరం కావడంతో హద్దు త్వరగానే నిండింది. మిగిలిన ఫలితాలు పట్టిక వెలుపలే ఉండిపోయాయి. ఆ వ్యక్తులతో సన్నిహితంగా మెలిగిన వారిని వెతికి హెచ్చరించే పని ఆ మేరకు ఆలస్యమైంది. 2007 తరువాతి కొత్త ఫైలు రూపంలో 10,48,576 వరుసలకు చోటుంది. అంటే అక్కడ లోపించినది కొత్త సాంకేతికత కాదు. ఫైలు రూపాన్ని గమనించే అలవాటు.

జన్యుశాస్త్రంలో మరొక ఉదాహరణ ఉన్నది. సెప్టెంబరు, మార్చి నెలల పేర్లను పోలిన సంకేతాలు గల కొన్ని మానవ జన్యువుల పేర్లను ఎక్సెల్ తనంత తాను తేదీలుగా మార్చివేసేది. జన్యువుల జాబితాలను ఎక్సెల్ అనుబంధాలుగా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదింట ఒక వంతులో ఈ తరహా దోషాలున్నట్లు 2016లో ప్రచురితమైన ఒక పరిశీలన తేల్చింది. చివరకు 2020లో జన్యువుల నామకరణ సంఘం ఆ పేర్లనే మార్చవలసి వచ్చింది. ఈ స్వయంచాలక మార్పును నిలిపివేసుకొనే వీలును ఎక్సెల్‌లో 2023లో గాని చేర్చలేదు.

నిర్ధారణ తరువాతే చికిత్స

పైరు ఆకులు పసుపు బారినంత మాత్రాన అది నత్రజని లోపమని ఏ శాస్త్రవేత్తా వెంటనే తేల్చడు. ముదురు ఆకులు ముందు పసుపు బారాయా, లేత ఆకులా? పొలమంతటానా, గట్ల వెంటనా? నీరు నిలిచిందా? ఈ ప్రశ్నలతో కారణాన్ని ఒక్కొక్కటిగా తొలగిస్తూ అసలు కారణానికి చేరతాడు. నాలుగు మందులను కలిపి పిచికారీ చేస్తే పైరు కోలుకున్నా, ఏ మందు పనిచేసిందో తెలియదు. సాఫ్ట్‌వేర్ సమస్యకూ ఇదే క్రమం వర్తిస్తుంది.

సమస్య నాలుగు చోట్లలో ఒకచోట ఉంటుంది: ఖాతాలో, పరికరంలో, నెట్‌వర్కులో, సేవను అందించే సంస్థ వద్ద. వీటిని వేరుచేయడానికి నాలుగు చిన్న పరీక్షలు చాలు.

1. అదే పనిని మరొకరి ఖాతాతో చేసి చూడాలి. వారికి పనిచేస్తే లోపం మొదటి ఖాతాలోనో, దానికి ఇచ్చిన అనుమతుల్లోనో ఉన్నట్లు.

2. అదే ఖాతాతో మరొక పరికరంలో ప్రయత్నించాలి. అక్కడ పనిచేస్తే లోపం మొదటి పరికరంలో ఉన్నది.

3. కార్యాలయ వైఫైని వదలి ఫోన్ హాట్‌స్పాట్‌కు కలపాలి. అప్పుడు పనిచేస్తే కార్యాలయ నెట్‌వర్కును పరిశీలించాలి.

4. మూడింటిలోనూ ఒకే ఫలితం వస్తే, సేవకే అంతరాయం కలిగి ఉండవచ్చు. అప్పుడు చేయవలసినది వేచి ఉండడమే. ఫైళ్లను తొలగించడం, సాఫ్ట్‌వేర్‌ను తీసివేసి మళ్లీ ఎక్కించడం వంటివి ఆ సమయంలో చేయరాదు.

ఒకసారి ఒక్క మార్పే చేయాలి. చేసిన మార్పును రాసి ఉంచుకోవాలి. ప్రయోగంలో కంట్రోల్ మడికి ఉన్న విలువే ఇక్కడ మార్చకుండా ఉంచిన పరికరానికి ఉంటుంది.

కొన్ని సమస్యలకు కారణం ఊహించని చోట ఉంటుంది. కార్యాలయాల్లోని పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో మదర్‌బోర్డుపై ఉండే చిన్న బ్యాటరీ అయిపోతే, కంప్యూటరును ఆపి తెరిచిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. భద్రత గల వెబ్‌సైట్ల ధ్రువపత్రాల గడువును బ్రౌజరు కంప్యూటరు తేదీతో సరిచూస్తుంది కాబట్టి, ఇంటర్నెట్ సక్రమంగా ఉన్నా మెయిల్ గాని, టీమ్స్ గాని తెరుచుకోవు. తెర మూలన ఉన్న తేదీని ఒకసారి చూస్తే గంటల శ్రమ తప్పుతుంది.

సహాయం కోరేటప్పుడు "పనిచేయడం లేదు" అన్న ఒక్క మాట ఎవరికీ ఉపకరించదు. ఏమి చేయబోయారు, ఏమి జరగాలి, దానికి బదులు ఏమి జరిగింది, తెరపై కనిపించిన సందేశం ఏమిటి, ఎప్పటి నుండి, ఏ పరికరంలో అన్న ఆరు వివరాలు, ఒక తెర చిత్రం పంపితే సగం నిర్ధారణ అయినట్లే.

పట్టికల్లో చప్పుడు లేకుండా జరిగే మార్పులు

తేదీలు: భారతదేశంలో రోజు, నెల, సంవత్సరం క్రమంలో తేదీ రాస్తారు, అమెరికా క్రమంలో నెల ముందు వస్తుంది. అమెరికా అమరికలో ఉన్న కంప్యూటరులో విత్తిన తేదీని 07/06/2024 అని నమోదు చేస్తే, అది జూన్ 7 కాక జూలై 6 అవుతుంది. ఆ పైరును అక్టోబరు 25న కోసినట్లు మరొక కంప్యూటరులో సరిగానే నమోదు చేశారనుకుందాం. అసలు పంటకాలం 140 రోజులు. పట్టిక చూపేది 111 రోజులు. మధ్యకాలిక రకం ఒక్కసారిగా స్వల్పకాలిక రకంగా కనిపిస్తుంది. ఇందులో మరొక చిక్కు ఉన్నది. 13 నుండి 31 వరకు ఉన్న తేదీలకు నెలగా మారే వీలు లేనందున అవి అక్షరాలుగా మిగిలి, గడిలో ఎడమ వైపుకు జరుగుతాయి. 1 నుండి 12 వరకు ఉన్నవి మాత్రం తారుమారై, కుడి వైపున సవ్యంగా కూర్చుంటాయి. ఒకే నిలువు వరుసలో కొన్ని తేదీలు ఎడమకు, కొన్ని కుడికి ఉంటే అది ఈ దోషానికి స్పష్టమైన లక్షణం. సంవత్సరం, నెల, రోజు క్రమంలో 2024-06-07 అని రాసే అంతర్జాతీయ పద్ధతిని కేంద్రాలన్నీ పాటిస్తే ఈ దోషానికి తావుండదు. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో ప్రాంతాన్ని భారతదేశంగా ముందే ఎంచుకోవాలి.

మడి సంకేతాలు: స్ప్లిట్ ప్లాట్ ప్రయోగంలో మూడవ ప్రధాన మడిలోని రెండవ ఉపమడిని 3-2 అని రాయడం పరిపాటి. ఎక్సెల్ దానిని ఫిబ్రవరి 3గానో, మార్చి 2గానో మారుస్తుంది. తప్పు గమనించి గడిని సంఖ్యా రూపానికి మారిస్తే పాత సంకేతం తిరిగి రాదు. 2024లోని ఫిబ్రవరి 3 అయితే 45325 అన్న క్రమసంఖ్య కనిపిస్తుంది. 2 తరువాత ఇంగ్లీషు ఇ అక్షరం, ఆపై 5 గల సంకేతం 2,00,000 అవుతుంది. 007 అన్న సంకేతం 7గా మిగులుతుంది. అంకెలు ఎక్కించడానికి ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్ రూపంలోకి మార్చడమే దీనికి మందు. ఆ తరువాత మారిస్తే ఫలితం ఉండదు. అంతకంటె మేలైన పద్ధతి, సంకేతం అక్షరంతో మొదలయ్యేలా ప్రయోగ ప్రణాళికలోనే నిర్ణయించుకోవడం.

పొడవైన సంఖ్యలు: ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే ఖచ్చితంగా నిలుపుకొంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతా సంఖ్యను సంఖ్యగా ఎక్కిస్తే చివరి అంకె సున్నా అవుతుంది. 12 అంకెల ఆధార్ సంఖ్య అంకెలను పోగొట్టుకోదు గాని, సాధారణ రూపంలో ఘాతాంకంగా కుదించి కనిపిస్తుంది. ఆ స్థితిలో దానిని సీఎస్వీ ఫైలుగా దాచితే కుదించిన రూపమే ఫైలులో మిగిలిపోతుంది. ప్రదర్శన క్షేత్రాల రైతులకు ఉత్పాదకాల సొమ్ము జమ చేసే జాబితాల్లో ఈ పొరపాటు నేరుగా రైతు జేబును తాకుతుంది. లెక్క కట్టవలసిన అవసరం లేని ప్రతి సంఖ్యనూ, అంటే ఫోన్, ఖాతా, ఆధార్ సంఖ్యలను, టెక్స్ట్‌గానే ఉంచాలి.

విస్తీర్ణం: తెలుగు రాష్ట్రాలకు ప్రత్యేకమైన చిక్కు ఇది. ఎకరానికి 100 సెంట్లు, 40 గుంటలు. ఆంధ్రప్రదేశ్‌లో 2.20 అంటే 2 ఎకరాల 20 సెంట్లు. అది దశాంశమే కనుక కూడికకు ఇబ్బంది లేదు. తెలంగాణలో అదే 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు, అనగా రెండున్నర ఎకరాలు. 2.20, 1.30 అన్న రెండు కమతాలను కంప్యూటరు కూడితే 3.50 వస్తుంది, వాస్తవానికి గుంటల లెక్కలో అది 4 ఎకరాల 10 గుంటలు, దశాంశాల్లో 4.25 ఎకరాలు. మొత్తం దిగుబడిని 3.50తో భాగిస్తే ఎకరా సగటు అసలు కంటె దాదాపు 21 శాతం ఎక్కువగా తేలుతుంది. ఎకరాలకు ఒక నిలువు వరుస, గుంటలకు లేదా సెంట్లకు మరొక వరుస ఉంచి, మూడవ వరుసలో సూత్రంతో హెక్టార్లుగా మార్చుకోవాలి. ఒక హెక్టారుకు 2.47 ఎకరాలు.

ఖాళీలు, సున్నాలు: పందులు పాడుచేసిన మడిలో దిగుబడి నమోదు కాలేదు, చీడ వల్ల గింజ పట్టని మడిలో దిగుబడి సున్నా. ఈ రెండూ ఒకటి కావు. సగటును గణించేటప్పుడు ఎక్సెల్ ఖాళీ గడులను, అక్షరాలున్న గడులను వదిలివేస్తుంది; సున్నాను లెక్కలోకి తీసుకుంటుంది. "5.2 కిలోలు" అని ప్రమాణంతో సహా రాస్తే ఆ గడి కూడా అక్షరంగా మారి, మొత్తంలోనుండి తప్పుకుంటుంది. ప్రమాణం శీర్షికలో ఉండాలి. గడిలో అంకె మాత్రమే ఉండాలి. నమోదు కాని విలువకు గడిని ఖాళీగా వదలి, కారణాన్ని పక్కనే ఉన్న వివరణ వరుసలో రాయాలి.

క్రమబద్ధీకరణ: ఇది అన్నింటికంటె ప్రమాదకరమైనది. ఉమ్మడి పట్టికలో ఎవరో ఒకరు దిగుబడి వరుసను మాత్రమే ఎంచుకొని, పెద్ద నుండి చిన్నకు అమర్చితే, దిగుబడులు జరుగుతాయి గాని ట్రీట్‌మెంట్ల పేర్లు కదలవు. ఒక మడి దిగుబడి మరొక ట్రీట్‌మెంట్ ఖాతాలో పడుతుంది. మొత్తం మారదు, ప్రయోగ సగటు మారదు, అనోవా పట్టికలో వర్గాల మొత్తం కూడా మారదు. మారేది ట్రీట్‌మెంట్ల వాటా ఒక్కటే. అందుచేత సగటును సరిచూసి తృప్తి పడినవారికి అనుమానం రాదు. పైగా పెద్ద దిగుబడులన్నీ పై వరుసలకు చేరడం వల్ల ట్రీట్‌మెంట్ల మధ్య లేని వ్యత్యాసం ప్రస్ఫుటంగా కనిపించవచ్చు. ఎంపికను విస్తరించాలా అని ఎక్సెల్ అడిగినప్పుడు అవునని చెప్పాలి. గూగుల్ షీట్స్‌లో ఎవరి అవసరానికి వారు "ఫిల్టర్ వ్యూ"ను వాడుకుంటే ఇతరులు చూసే క్రమం చెదరదు. ప్రతి మడికీ ఒక విడి క్రమసంఖ్య ఇచ్చి, విశ్లేషణకు ముందు ఏవైనా అయిదు మడులను క్షేత్ర పుస్తకంతో పోల్చి చూడడం తప్పనిసరి నియమంగా పెట్టుకోవాలి.

ఒకే ఫైలు, పలువురి చేతులు

ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి మెయిల్ ద్వారా తిరిగిన ఫైలుకు "తుది", "తుది-2", "అసలు తుది" అన్న పేర్లు చేరుతాయి. ఏది సరైనదో నెల తిరిగేసరికి ఎవరికీ తెలియదు. ఫైలును పంపడానికి బదులు, ఒకేచోట ఉన్న ఫైలు లింకును పంపడం ఉమ్మడి సాధనాల అసలు ప్రయోజనం. గూగుల్ షీట్స్‌లో ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీని తెరిస్తే ఎవరు, ఎప్పుడు, ఏ గడిని మార్చారో కనిపిస్తుంది. పాడైన పట్టికను పూర్వస్థితికి తేవచ్చు. ప్రతి దశ ముగింపులో, ఉదాహరణకు పూత దశ నమోదు పూర్తికాగానే, ఆ స్థితికి ఒక పేరు పెట్టి దాచుకోవాలి. ఎక్సెల్‌లో పలువురు ఒకేసారి పనిచేయాలంటే ఫైలు కొత్త రూపంలో ఉండి, వన్‌డ్రైవ్‌లోనో షేర్‌పాయింట్‌లోనో ఉండాలి. పాత రూపంలోని ఫైలుకు ఈ వీలు లేదు. రెండవ వ్యక్తికి అది చదవడానికి మాత్రమే తెరుచుకోవడానికి ఇది ఒక సాధారణ కారణం.

"అనుమతి లేదు" అన్న సందేశం వచ్చినప్పుడు లింకు పంపినవారిని నిందించే ముందు, బ్రౌజరులో ఏ ఖాతా తెరిచి ఉన్నదో చూడాలి. ఒకే కంప్యూటరులో స్వంత జీమెయిల్, కార్యాలయ ఖాతా రెండూ తెరిచి ఉన్నప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే. ఇన్‌కాగ్నిటో కిటికీలో సరైన ఖాతాతో ప్రవేశించి లింకును తెరిస్తే విషయం తేలిపోతుంది.

ఫైలు యాజమాన్యం మరింత గంభీరమైన విషయం. శాస్త్రవేత్తలకు బదిలీలు, పదవీ విరమణలు సహజం. ఒకరి స్వంత గూగుల్ డ్రైవ్‌లో ఉన్న పట్టికను యజమాని శాశ్వతంగా తొలగిస్తే, దానిని పంచుకున్న వారందరికీ అది అందకుండా పోతుంది. తొలగించిన ఫైలు ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది. రెండేళ్లు ఏ వాడకమూ లేని వ్యక్తిగత ఖాతాలను గూగుల్ తొలగించవచ్చన్న నియమం 2023 డిసెంబరు నుండి అమలులో ఉన్నది. మైక్రోసాఫ్ట్ సంస్థాగత సేవల్లో ఉద్యోగి ఖాతాను తొలగిస్తే, వేరుగా నిర్ణయించని పక్షంలో, ఆ వన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు 30 రోజులే నిలుస్తాయి. టీమ్స్‌లో విడి సంభాషణలో పంపిన ఫైలు పంపినవారి వన్‌డ్రైవ్‌లోనూ, ఛానెల్‌లో పెట్టిన ఫైలు బృందానికి చెందిన షేర్‌పాయింట్‌లోనూ ఉంటాయని గుర్తుంచుకోవాలి. దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం వంటివాటి దత్తాంశం ఎల్లప్పుడూ సంస్థ పేరున ఉన్న చోటనే ఉండాలి. బదిలీ అయిన శాస్త్రవేత్త అప్పగించే జాబితాలో తాళం చెవులు, పరికరాలతో పాటు ఫైళ్ల యాజమాన్యం కూడా చేరాలి.

సంకేతం అందని గ్రామాల్లో గూగుల్ షీట్స్ పనిచేయాలంటే, ఆఫ్‌లైన్ వీలును సంకేతం ఉన్నచోటనే ముందుగా తెరిచి ఉంచాలి. సర్వేలకు ఓడీకే, కోబో టూల్‌బాక్స్ వంటివి మరింత అనువైనవి. ఇవి జవాబులను ఫోన్‌లోనే దాచి, సంకేతం దొరికినప్పుడు పంపుతాయి. అసాధ్యమైన విలువను పొలంలోనే తిరస్కరించేలా వీటిలో హద్దులు కూడా పెట్టవచ్చు.

దూర సమావేశాలు

మాట వినపడనప్పుడు మొదట చూడవలసినది మ్యూట్ గుర్తు. రెండవది ఎంపికైన మైకు ఏది అన్నది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మరొక ఫోన్‌కు కలిసి ఉంటే కంప్యూటరుకు మాట చేరదు. బ్రౌజరు నుండి పాల్గొనేటప్పుడు, చిరునామా పట్టీలోని గుర్తును నొక్కి మైకు, కెమెరా అనుమతులను చూడాలి. కెమెరాను మరొక సాఫ్ట్‌వేర్ వాడుకుంటున్నా చిత్రం రాదు. దానిని మూసివేస్తే సరిపోతుంది. టీమ్స్ మొరాయిస్తే బ్రౌజరులో తెరిచి చూడాలి. అక్కడ పనిచేస్తే కంప్యూటరులోని టీమ్స్ క్యాష్‌ను తొలగించడం తదుపరి మెట్టు.

ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే సమావేశంలో ఉంటే ప్రతిధ్వని తప్పదు. ఒకదానిలోనే మైకు, స్పీకరు తెరిచి ఉంచాలి. రైతు శిక్షణలో వీడియో ప్రదర్శించేటప్పుడు తెరతో పాటు శబ్దాన్ని పంచుకొనే ఎంపికను విడిగా గుర్తించాలి, లేకుంటే రైతులు మూగ చిత్రమే చూస్తారు. మొత్తం తెరకు బదులు అవసరమైన కిటికీని మాత్రమే పంచుకోవాలి. జూమ్ ఉచిత సేవలో సమావేశం 40 నిమిషాలకు, గూగుల్ మీట్ ఉచిత సేవలో ముగ్గురు లేదా అంతకు మించి పాల్గొంటే 60 నిమిషాలకు ముగుస్తుంది; కార్యక్రమాన్ని అందుకు తగినట్లు రూపొందించుకోవాలి. టీమ్స్ రికార్డింగులకు సాధారణ అమరికలో 120 రోజుల గడువే ఉంటుంది. భద్రపరచవలసిన ఉపన్యాసాన్ని ఆలోగా దింపుకోవాలి.

వాట్సాప్‌లో పంట ఛాయాచిత్రం

తెగులు సోకిన ఆకు చిత్రం రైతు ఫోన్ నుండి శాస్త్రవేత్తకు క్షణాల్లో చేరడం విస్తరణ సేవలో గొప్ప సదుపాయం. అయితే మామూలుగా పంపిన చిత్రాన్ని వాట్సాప్ కుదిస్తుంది. చిత్రంలో ఇమిడి ఉండే స్థల వివరాలు కూడా తొలగిపోతాయి. వరిలో నూలుకండె ఆకారపు అగ్గితెగులు మచ్చకూ, అండాకారపు గోధుమరంగు మచ్చకూ తొలిదశలో తేడా సూక్ష్మంగా ఉంటుంది. కుదించిన చిత్రంలో ఆ అంచులే ముందుగా చెదురుతాయి. డాక్యుమెంటు రూపంలో పంపితే చిత్రం యథాతథంగా చేరుతుంది.

స్పష్టతతో పాటు కోణం కూడా ముఖ్యం. మిరపలో తామర పురుగుల వల్ల ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. నల్లి వల్ల కిందికి ముడుచుకుంటాయి. పై నుండి తీసిన ఒక్క చిత్రంలో ఈ తేడా తెలియకపోవచ్చు. ఒకదానికి వాడే మందు మరొకదానిపై పనిచేయకపోవచ్చు కనుక ఇక్కడ తొందరపాటు రైతుకు ఒక పిచికారీ ఖర్చు, ఒక వారం ఆలస్యం. పొలం మొత్తం, ఒక మొక్క, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం అన్న నాలుగు చిత్రాలు, వాటితో పాటు రకం, పైరు వయసు, గ్రామం, చివరగా వాడిన మందు పేరు అడిగి తీసుకున్న తరువాతే సలహా ఇవ్వడం శ్రేయస్కరం.

వాట్సాప్ బృందం సంభాషణకు వేదిక మాత్రమే. అది భాండాగారం కాదు. అక్కడ జరిగిన నిర్ణయాన్ని, వచ్చిన దత్తాంశాన్ని అదే రోజు ఉమ్మడి ఫోల్డరులోకి చేర్చాలి.

తెలుగు అక్షరాలు చెదిరినప్పుడు

తెలుగులో తయారైన కరపత్రం మరొక కంప్యూటరులో అర్థం లేని గుర్తులుగా కనిపిస్తే, అది యూనికోడ్ కాని అను వంటి పాత ఫాంట్లతో తయారైందని గ్రహించాలి. అందులో తెలుగు అక్షరం కేవలం బొమ్మ. లోపల ఉన్నది వేరొక గుర్తు. ఫాంటు లేనిచోట బొమ్మ మాయమవుతుంది. అటువంటి పాఠంలో వెతకడం గాని, ఫోన్‌లో చదవడం గాని సాధ్యం కాదు. కొత్త రచనలను యూనికోడ్‌లోనే చేయాలి. గౌతమి, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఇందుకు ఉన్నాయి. పాత పాఠాలను మార్పిడి సాధనంతో మార్చిన తరువాత ఒత్తులను, మందుల మోతాదులను తప్పక సరిచూడాలి. సీఎస్వీ ఫైలులోని రైతుల పేర్లు ఎక్సెల్‌లో చెదిరితే ఫైలు పాడైనట్లు కాదు. డేటా మెనూ నుండి టెక్స్ట్ లేదా సీఎస్వీ ఎంపిక ద్వారా యూటీఎఫ్-8గా తెరవాలి. చెదిరిన స్థితిలో మాత్రం దాచరాదు.

రైతు వివరాల భద్రత

"లింకు ఉన్నవారందరూ చూడవచ్చు" అన్న అమరికలో ఉన్న లబ్ధిదారుల జాబితా వాట్సాప్‌లో ఒకసారి బయటకు పోతే దానికి హద్దు ఉండదు. పేరు, ఫోన్, ఆధార్, ఖాతా సంఖ్యలు ఒకేచోట ఉన్న పట్టిక మోసగాళ్లకు సిద్ధాన్నం. వ్యక్తిగత వివరాలకు రక్షణ కల్పించే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. అయినా చట్టం కంటె ముందు రైతు ఉంచిన నమ్మకం ఉన్నది. విశ్లేషణ పట్టికలో రైతు సంకేత సంఖ్య మాత్రమే ఉంచి, పేర్ల పట్టికను వేరుగా, పరిమిత అనుమతులతో భద్రపరచాలి. ఖాతాలన్నింటికీ రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి. ప్రభుత్వ పథకాల పేరుతో రైతు బృందాల్లోకి వచ్చే ఏపీకే ఫైళ్లను తెరవవద్దని శిక్షణల్లో చెప్పాలి. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

కాలం ప్రారంభంలో సరిచూసుకోవలసినవి

• ప్రయోగ ప్రణాళికతో పాటే నమోదు పట్టికను రూపొందించి, అన్ని కేంద్రాలకు ఒకే నమూనా పంపాలి.

• ప్రతి నిలువు వరుసకు అర్థం, ప్రమాణం, అనుమతించే విలువల హద్దులు తెలిపే వివరణ పత్రాన్ని జతచేయాలి. డేటా వ్యాలిడేషన్ ద్వారా ఆ హద్దులను పట్టికలోనే అమలుపరచాలి.

• శీర్షికలను, సూత్రాలున్న గడులను మార్పులకు వీలు లేకుండా రక్షించాలి.

• ఫైలు పేరులో సంవత్సరం, కాలం, పంట, ప్రయోగం, కేంద్రం ఒకే క్రమంలో ఉండాలి. ఉదాహరణకు: 2024-వానాకాలం-వరి-నత్రజని-జగిత్యాల.

• ముడి దత్తాంశం ఉన్న పట్టికను ముట్టుకోరాదు. విశ్లేషణ దాని నకలులో సాగాలి.

• మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరొక చోట అన్న నియమాన్ని పాటించాలి. క్షేత్ర పుస్తకం పుటల చిత్రాలు కూడా ఈ ప్రతుల్లో భాగమే.

• గూగుల్ ఉచిత ఖాతాలో మెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నింటికీ కలిపి 15 జీబీ స్థలమే ఉంటుంది. అది నిండితే మెయిళ్లు కూడా ఆగిపోతాయి కనుక నెలకొకసారి చూసుకోవాలి.

ముగింపు

మడి గట్టును సరిగా వేయకపోతే ఒక ట్రీట్‌మెంట్ ఎరువు పక్క మడిలోకి పారుతుందని వ్యవసాయ విద్యార్థికి మొదటి ఏడాదే బోధిస్తారు. పట్టికలోని వరుసల మధ్య కూడా అటువంటి గట్టు అవసరమే. విత్తన శుద్ధి, సమాన తడి, గట్టు వరుసల తొలగింపు వంటి జాగ్రత్తలను విశ్వవిద్యాలయ క్షేత్ర ప్రయోగ తరగతుల్లో ఎలా నేర్పుతున్నారో, దత్తాంశ నమోదు క్రమశిక్షణను కూడా అలాగే పాఠ్యాంశంగా నేర్పవలసిన సమయం వచ్చింది. స్నాతకోత్తర విద్యార్థి సమర్పించే సిద్ధాంత గ్రంథంతో పాటు ముడి పట్టికను, వివరణ పత్రాన్ని విభాగానికి అప్పగించే పద్ధతి ఏర్పడితే, తరువాతి విద్యార్థి అదే అంకెల నుండి అదే ఫలితం వస్తుందో లేదో సరిచూడగలుగుతాడు. అలా సరిచూడగలిగిన ఫలితాన్నే విస్తరణ శాస్త్రవేత్త నిస్సంకోచంగా రైతు ముందుకు తీసుకుపోగలడు.